ఇంటి వీడియోలకు మెరుగు - ఒక విమర్శ

కోరాపుట్, రాయగడ జిల్లాలలోని తెలుగు కుటుంబములు తమ విశేషములను నేడు కాగితముపై కంటె వీడియోలలోనే ఎక్కువగా దాచుకొనుచున్నవి. ఇది కాలధర్మము. ఉగాదినాటి పంచాంగశ్రవణము, శ్రీరామనవమి పందిరిలో హరికథ, సంఘ వార్షికోత్సవమున పిల్లల నాటిక, పెండ్లిలో పెద్దల ఆశీర్వచనము, అమ్మమ్మగారి వంట - ఇవన్నియు సెల్ ఫోనులో పట్టుబడి ఆ సాయంత్రమునకే యూట్యూబు చేరుచున్నవి. చూచువారు విశాఖపట్టణమున, హైదరాబాదున, సముద్రముల కావల ఉన్న బంధువులు. తీయువారు మన యువకులు. వారికిది జీవనవృత్తి కాదు, ఉత్సాహము మాత్రమే. వారి నోట తరచుగా వినవచ్చు ప్రశ్న ఒకటే: మన వీడియోలును వృత్తిలో ఆరితేరినవారు తీసినట్లు కనబడవలెనన్న ఏమి చేయవలెను?

ప్రశ్న మంచిదే. మంచి వస్తువును మాసిన గుడ్డలో చుట్టి ఇచ్చుట ఎవరికిని ప్రియము కాదు. కాని ఆ ప్రశ్నకు మనవారు సాధారణముగా చెప్పుకొను సమాధానము మాత్రము పరీక్షింపదగినది. మెరుగనగా మెరుపు అని వారు తలచుచున్నారు. నా మనవి వేరు. మన వీడియోలలో అమూల్యమైనది మాట. కావున వానికి కావలసిన మెరుగు ముందు చెవికి సంబంధించినది. కంటికి సంబంధించినది అటుపిమ్మటనే వచ్చును. మాటను వినిపింపలేని అలంకారము ఎంత ఖరీదైనదైనను వ్యర్థము.

ఇది ఇక్కడి తెలుగువారి విషయమున మరింత నిజము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడు వరకు ఈ భూభాగము చెన్నరాష్ట్రమున విశాఖపట్టణము వైపు ఏజెన్సీగా ఉండెను. 1992 అక్టోబరు 2వ తేదీన పాత కోరాపుట్ జిల్లా నాలుగు జిల్లాలై రాయగడ వేరుపడెను. సరిహద్దులు కదలినను కుటుంబములు తమ ఊళ్లలోనే నిలిచినవి. జయపుర మహారాజు విక్రమదేవవర్మ గారు తెలుగునను ఒడియాలోను సాహిత్యవేత్తలు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మహాదాతలు. అచ్చటి శాస్త్ర సాంకేతిక కళాశాల వారి పేరును ధరించినది. ఆ తరమున ఇక్కడి తెలుగు గ్రంథములలో నిలువగలిగెను. నేడు మన పిల్లలలో పెక్కురు బడిలో ఒడియాను, ఇంగ్లీషును చదువుచున్నారు. తెలుగును ఇంట వినుచున్నారు, మాటలాడుచున్నారు. చదువుట, వ్రాయుట మాత్రము అంతంతే. అట్టి చోట భాష నోటనే మిగిలియున్నది. నోట మిగిలినదానిని పట్టి నిలుపుటకు ఇప్పుడు అందరి చేతిలోను ఉన్న సాధనము ఫోను. కావున మనకు వీడియో కాలక్షేపముతో ముగియదు. అది రేపటివారికి దస్తావేజు.

ఇక మన వీడియోలలో సాధారణముగా కనబడు తీరును చూతము. అది ఒక హరికథ అనుకొందము. మొదట బంగారు రంగు అక్షరములు గిరగిర తిరిగి వచ్చి నిలుచును. పిదప డ్రోను పైకెగిరి ఊరిని, కొండలను, పందిరి పైకప్పును చూపును. అటుపిమ్మట హరిదాసుగారు కనబడుదురు. చిడతలు ఆడును, పెదవులు కదలును. వినబడునది మాత్రము ఏదో చలనచిత్రపు వాద్యఘోష. ఒకవేళ వారి గొంతే వినబడినను, అది పందిరి చివర నిలిపిన ఫోనులోనికి ఫ్యానుల రొదను, కుర్చీల చప్పుడును, పసిపిల్లల ఏడుపును దాటుకొని వచ్చిన గొంతు. దృశ్యమునకు దృశ్యమునకు నడుమ పుట తిప్పినట్లు, గాజు పగిలినట్లు రకరకముల మార్పులు. నాలుగు నిమిషములు గడచునప్పటికి కథలో ఒక్క ముక్కయైనను మనకు దక్కదు. బంధువులు గనుక చాల బాగున్నదని వ్రాయుదురు. రెండవమారు చూచువారు అరుదు.

ఔత్సాహికుడు వృత్తికళాకారుని అనుకరింపబూనినప్పుడు తరచుగా జరుగునది ఇదియే. పైకి కనబడు హంగును తెచ్చుకొనును. లోపలి క్రమశిక్షణను విడిచివేయును. మన రంగస్థల చరిత్రలో ఇందుకు చక్కని పాఠమున్నది. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ ప్రదర్శనముతో ఆరంభించిన సురభి సమాజము వృత్తినాటకమునకు నిలయమాయెను. తెరలు, యంత్రములు, ఆకాశగమనములు వారి ప్రదర్శనములకు ప్రసిద్ధి తెచ్చినవి. ఆ హంగు వెనుక కుటుంబములకు కుటుంబములే చిన్ననాటినుండి చేసిన సాధన కలదు. మరియొక వైపు బళ్ళారి రాఘవగారిని తలచుకొందము. తాడిపత్రి రాఘవాచార్యులుగారు, 1880లో జన్మించి 1946లో గతించినవారు, వృత్తిచేత న్యాయవాది, నాటకమునకు ఔత్సాహికుడు. ఆయన కీర్తి సహజాభినయమువలన వచ్చినదే. ఆయన నివసించిన బళ్ళారియు మనవంటి రెండు భాషల నేలయే; 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. ఔత్సాహికుడు అనుమాట తక్కువమాట కాదని నిరూపించుటకు ఆయన పేరొక్కటి చాలును. తన చేతనున్న బలమేదో ఎరిగి దానిని శుభ్రముగా చూపుటయే నేర్పరితనము. మన చేతనున్న బలము మన పెద్దల గొంతు.

గొంతును పట్టుటలో మనవారు చేయు మొదటి పొరపాటు ఫోనును చెవి అనుకొనుట. మనుష్యుని చెవి మందిలో కూర్చుండియు తనకు కావలసిన మాటను ఏరుకొనును. రొదను ప్రక్కకు నెట్టును. మైకునకు ఆ విచక్షణ లేదు. దానికి ఏది దగ్గరగా ఉన్నదో అదియే పెద్దది. ఆరుబయట దూరము రెండింతలైనచో ధ్వని తీవ్రత నాలుగవ వంతునకు దిగిపోవును. గదిలో గోడలనుండి తిరిగివచ్చు ప్రతిధ్వని దీనికి తోడై మాటను మసక చేయును. పది బారల దూరమునుండి తీసిన ఉపన్యాసము బావిలోనుండి వచ్చినట్లు వినబడుటకు కారణమిదియే. దీనిని పిదప కంప్యూటరులో కొంత సవరింపవచ్చును గాని పోయిన స్పష్టతను పూర్తిగా తిరిగి తేలేము.

పరిహారము మిక్కిలి చౌక. మాటలాడువారి చొక్కాకో పైటకో, నోటికి జానెడు దూరమున, తీగతోనున్న చిన్న మైకు పెట్టిన చాలును. అదియును లేనిచో రెండవ ఫోనును మాటలు నమోదు చేయునట్లు అమర్చి వారి జేబులో ఉంచవచ్చును. ఒక ఫోను దూరమున నిలిచి బొమ్మను తీయుచుండగా రెండవది దగ్గరనుండి మాటను పట్టును. ఆరంభమున ఒకమారు గట్టిగా చప్పట్లు చరచినచో, ఆ చప్పుడు గుర్తుగా రెంటిని ఇంటివద్ద జత కలుపుట సులభము. నాటికయైనచో వేదిక అంచున, నటుల పాదములకు తగులనంత దూరమున, ఒక ఫోను ఉంచవచ్చును. సభలో ధ్వనివిస్తరణ ఉన్నప్పుడు ఆ పరికరము నడుపువారిని బ్రతిమాలి నేరుగా తీగ తెచ్చుకొనుట అన్నిటికంటె మేలు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన ఇబ్బంది వాన. కోరాపుట్ కొండలమీద ముసురు పట్టినచో రేకుల కప్పు క్రింద మాట వినబడుట కష్టము. పెద్దవారి జ్ఞాపకములను నమోదు చేయదలచినవారు ఆ దినములలో పెంకుటింటి లోపలిగదిని ఎన్నుకొనుట మంచిది. పరుపులు, చీరలు, బట్టల బీరువా ఉన్న గది ప్రతిధ్వనిని మ్రింగివేయును. నున్నని గోడల ఖాళీ హాలు దానిని పెంచును. ఫ్యాను ఆపవలెను, రిఫ్రిజిరేటరును కాసేపు కట్టివేయవలెను. ఈ చిన్న పనులకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇక చలనచిత్రపు పాటలను వెనుక వేయు అలవాటును గూర్చి ఒకమాట. అది మాటను ముంచివేయుటయే గాక హక్కుల చిక్కును తెచ్చును. యూట్యూబునందు కంటెంట్ ఐడీ అను యంత్రవ్యవస్థ పాటను తనంతట గుర్తుపట్టగలదు. హక్కుదారులు కోరినచో ఆ వీడియోపై వచ్చు ఆదాయము వారికి పోవచ్చును. ఒక్కొక్కప్పుడు వీడియోయే చూడ వీలులేకుండ పోవచ్చును. మన ఇంటి ఆశీర్వచనము పరుల పాట కారణమున కనుమరుగగుట న్యాయమా? సంగీతము కావలెనన్న పందిరిలో వాయించిన సన్నాయినే రెండు నిమిషములు విడిగా నమోదు చేసికొని ఆద్యంతములందు వాడుకొనవచ్చును. అది మన ఊరి సన్నాయి.

కంటికి సంబంధించిన మెరుగు రెండవది. ఇందు కొన్ని సూత్రములు తెలిసిన చాలును. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నవారి ముఖము నల్లబడును. వారిని కిటికీవైపు తిప్పినచో అదే వెలుతురు వారి ముఖమున పడి మేలు చేయును. శీతకాలమున మన కొండలపై మంచు కమ్మిన ఉదయములు చిత్రగ్రహణమునకు వరము వంటివి. మంచు ఎండను జల్లెడ పట్టి మెత్తగా పంచును. ముఖముపై కఠినమైన నీడలుండవు. మధ్యాహ్నపు ఎండలో తీసిన పెండ్లి ఊరేగింపున కండ్లు గోతులవలె కనబడును. రాత్రివేళ ట్యూబులైట్ల క్రింద తీసిన వీడియోలలో అడ్డచారలు ప్రాకుచుండుట పెక్కురు చూచియుందురు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహించును. దానివలన కొన్ని దీపములు సెకనుకు 100 మారులు మినుకుమినుకుమనును. ఫోను సెకనుకు 30 బొమ్మలు తీయునప్పుడు ఈ లెక్కలు పొసగక చారలు పుట్టును. సెకనుకు 25 బొమ్మలు, షట్టరు సెకనులో 50వ వంతు లేక 100వ వంతు అని అమర్చినచో అవి చాలవరకు పోవును.

ఫోను కటకమును మెత్తని గుడ్డతో తుడువుడు. వ్రేలిముద్రల జిడ్డే సగము మసకకు కారణము. చేతితో పట్టుకొనక ట్రైపాడుపైననో, లేనిచో పుస్తకముల దొంతరపైననో నిలుపుడు. తెరపై వ్రేళ్ళు సాగదీసి దూరపు బొమ్మను దగ్గరకు లాగుటకంటె మీరే నాలుగడుగులు ముందుకు నడువుడు. అట్లు లాగినప్పుడు పెక్కు ఫోనులలో బొమ్మ పలుచబడును. సభలు, నాటికలు అడ్డముగా తీయదగినవి. నిలువుగా తీసిన నాటికలో ఇద్దరు పాత్రధారులు ఒకే చట్రమున ఇముడరు. వంట చూపునప్పుడు ముఖముతోపాటు చేతులు కనబడవలెను. హార్మోనియము వాయించువారి విషయమున వ్రేళ్ళు కనబడవలెను. ఎక్కడ పని జరుగుచున్నదో అక్కడ చూపు ఉండవలెను.

కూర్పు విషయమున చెప్పదగినది ఎక్కువ. కత్తిరింపదగినవి చాల కలవు. మైకు సవరించుట, అతిథుల పేర్లు చదువుట, పూలదండల వరుస, ఒకే మాటను నలుగురు వక్తలు చెప్పుట - ఇవన్నియు పోవచ్చును. కాని కత్తిరింపరానివి కొన్ని కలవు. మన యువకులు తెలియక వానినే ముందుగా తీసివేయుచున్నారు. ముసలమ్మగారు ఒక మాటకొరకు వెదకికొని ఒక్క క్షణము ఆగుదురు. పిదప తెలుగు మాట రాక ఒడియా మాట వేయుదురు. మరుక్షణమే తమ చిన్ననాటి తెలుగు మాట జ్ఞప్తికి వచ్చి నవ్వుదురు. కత్తెర పట్టినవానికి ఆ విరామము లోపముగా తోచును. రెండు భాషల నడుమ బ్రదికిన ఒక జీవితము ఆ విరామముననే వినబడును.

యాసను సవరించుట ఇంకను పెద్ద అపచారము. ఇక్కడి తెలుగు విజయనగరము, శ్రీకాకుళముల తెలుగునకు తోబుట్టువు. ఇక్కడి అవ్వ బేగి రమ్మనును, ఏటి అని అడుగును, మనుమని గుంటడని పిలుచును. ఆమె చోడి అంబలిని గూర్చి చెప్పుచుండగా క్రింద రాగి జావ అని అక్షరములు వేయుట ఎట్టిది? చోడి అనునదియే కళింగాంధ్ర పదము; దానినే తెలంగాణమున తైదలందురు, ఒడియాలో మాండియా అందురు. రాగి అని వ్రాసినవాడు తప్పు వ్రాయలేదు గాని ఆమె నోటినుండి మాటను లాగివైచినాడు. దూరదర్శిని ప్రకటనకారుని ధోరణిలో వేరొకరిచేత వ్యాఖ్యానము చదివించి అవ్వ గొంతును వెనుకకు తగ్గించుటయు ఇట్టిదే. అట్టి వీడియో ఏ ఊరిదైనను కావచ్చును.

యాస అడ్డు కాదనుటకు దృష్టాంతములు మన కన్నులయెదుట కలవు. గుంటూరు జిల్లా తెనాలి దగ్గర గుడివాడ గ్రామపు మస్తానమ్మగారు నూరేండ్లు పైబడిన వయసున పొలములో పొయ్యి పెట్టి వండుచుండగా తీసిన కంట్రీ ఫుడ్స్ వీడియోలను దేశదేశములవారు చూచిరి. ఆమె 2018 డిసెంబరులో గతించిరి. ఆ చిత్రములందు వెలుతురు సూర్యునిది. ముందు నిలిచినది ఆమె చేతిపని. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి యువకులు నడపిన మై విలేజ్ షో గంగవ్వగారి ద్వారా తెలంగాణపు పల్లెమాటను ఇంటింటికి చేర్చినది. కాలక్రమమున వారి కెమెరాలు, కూర్పు మెరుగుపడినవి. మాట మాత్రము పట్టణపు మాట కాలేదు. మన ఒడిశాలోనే సంబల్‌పుర్ జిల్లాకు చెందిన ఇసాక్ ముండా అను దినకూలీ 2020లో తన ఇంటి అన్నమును తినుచు వీడియోలు తీసి పేరుపొందెను. 2021లో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున ఆయనను పేర్కొనిరి. అట్టి ఆదరము అందరికిని దొరకదు. దానికొరకు మనము తీయవలసిన పనియు లేదు. ఈ మూటినుండి మనకు తెలియునది ఇంతే: సొంత గొంతును దాచుకొనకయే వారు దూరమునకు చేరిరి.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. నేటి చూపరికి ఓపిక లేదు. మొదటి పది సెకనులలో ఆకట్టుకొనని వీడియోను వాడు వ్రేలితో తోసివేయును. కావున హంగు తప్పదని కొందరందురు. ఇందులో సత్యము లేకపోలేదు. ఉత్సవమునకు జనులను పిలుచు వీడియోకు వేగము కావలెను, నిలువు చట్రము కావలెను, డ్రోనుతో తీసిన కొండయు అందమే. అందువలన రెండు ప్రతులు చేయుట ఉచితము. ఒకటి పదిమందికొరకు చిన్నది. రెండవది రేపటికొరకు నిండైనది. చిన్నదానియందు ఎంత అలంకరించినను బాధ లేదు. నిండైనదానియందు మాత్రము మాటపై చేయి వేయరాదు. చిన్నదానికిని మొదటి పది సెకనులలో తిరుగు అక్షరములకంటె, హరిదాసుగారి గొంతులోని ఒక మంచి ఘట్టమే ఎక్కువ ఆకర్షణ కలిగించును.

క్రింద వేయు అక్షరములను గూర్చియు యోచింపవలెను. మన పిల్లలలో తెలుగు లిపి రానివారు ఉన్నారు. వారికి ఒడియా లిపి కరతలామలకము. కావున పెద్దల మాటను ఉన్నది ఉన్నట్లుగా తెలుగు లిపిలో ఒకటియు, అదే తెలుగు మాటను ఒడియా లిపిలో వేరొకటియు చేర్చినచో, బాలుడు తనకు వచ్చిన అక్షరములతోనే తాతగారి తెలుగును చదువగలుగును. యూట్యూబునందు ఒకే వీడియోకు ఒకటికంటె ఎక్కువ అక్షరపాఠములు జతచేయు వీలున్నది. తిరుగు బంగారు అక్షరములపై వెచ్చించు సాయంత్రమును దీనిపై వెచ్చించినచో ఎంత మేలు! ఆరంభమున మాటలాడువారి పేరు, ఊరు, తేదీ స్థిరముగా ఒక్కమారు వేయవలెను. ఇరువది యేండ్ల పిదప చూచువానికి అవియే మొదట కావలసివచ్చును.

కడపటిది భద్రత. 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము టిక్‌టాకుతో కూడ 59 యాపులను నిషేధించినప్పుడు, అందులోనే తమ వీడియోలను ఉంచి అసలు ప్రతిని దాచుకొననివారు పెక్కురు నష్టపోయిరి. పరుల గోడపై వ్రాసినదానికి మనము యజమానులము కాము. వాట్సాపు ద్వారా మామూలుగా పంపిన వీడియో నలిగి నాణ్యత కోల్పోవును. డాక్యుమెంటుగా పంపినచో చెడక చేరును. అసలు ప్రతిని రెండు వేరువేరు డిస్కులలో, రెండు వేరువేరు ఇండ్లలో ఉంచుట ఉత్తమము.

మన సంఘముల పెద్దలకు ఒక విన్నపము. వార్షికోత్సవపు పద్దులో వీడియోకు కేటాయించు సొమ్ముతో డ్రోను అద్దెకు తెచ్చుటకు ముందు రెండు మంచి మైకులు కొనుడు. కోరాపుట్, జయపురము, సునాబెడ, రాయగడ, గుణుపురములందలి యువకులను ఒక్క ఆదివారము కూర్చుండబెట్టి, మాటను పట్టుట, వెలుతురు చూచుకొనుట, అసలు ప్రతిని దాచుట నేర్పుడు. పిదప ఒక్కొక్కరు తమ ఇంటి పెద్దను ఒక గంటసేపు మాటలాడించి తెండు: ఏ ఊరినుండి వచ్చిరి, ఏ వ్యాపారము చేసిరి, మజ్జిగౌరమ్మ ఉత్సవమునకు ఎట్లు పోయెడివారు, ఏ పాట పాడుకొనెడివారు. బొమ్మ కొంత కదిలినను క్షమింపవచ్చును. ఆ గంటలో ప్రతి మాటయు స్పష్టముగా వినబడవలెను. ఆ పెద్దలలో ఎనుబదులు దాటినవారు మన ప్రతి ఊరిలోను ఉన్నారు. పని వారితోనే ఆరంభింపవలెను.